పట్టాల వైపు పిల్లల రైలు

ఎనభైల మొదట్లో సంగతి. తిరుత్తణి దగ్గర మా పల్లె బాలవాడిలో, అంటే చిన్నపిల్లల బడిలో, టీచరుగా చేరిన కొత్త. శిక్షణలో నాకు ఆటపాటలు నేర్పిన రాజమ్మక్క ఆరోజు నా పని చూడటానికి వచ్చింది. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడుతున్నారు. అక్కకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి వెనక్కి తిరిగేసరికి గది ఖాళీ!

బయటికి పరుగెత్తాం. ఇంజనైన చెంగమ్మ ముందు, మిగతావాళ్లు వెనక, కూతలు పెడుతూ నిజం రైలుపట్టాల వైపే పోతున్నారు. అవతల గూడ్సు బండి వచ్చేస్తోంది. నేను వాళ్ల వెంట పరుగెత్తబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తరిమితే వాళ్లింకా పరిగెత్తుతారు, ఉండు" అని, "ఏయ్ ఇంజనూ! స్టేషన్ వచ్చినాది, బండి నిలుపు!" అని గట్టిగా కేకేసింది.

పట్టాలకు ఇవతలే చెంగమ్మ టక్కున ఆగింది. వెనకవాళ్లూ ఆగిపోయారు. వాళ్ల ముందునుంచే గూడ్సు ధడధడమంటూ పోయింది.

నేను అక్కడే కూలబడ్డాను. చెంగమ్మ మాత్రం తీరిగ్గా అడిగింది: "టీచరక్కా, ఇది ఏ స్టేషను? యాడ దిగాల?"

"ఈడే తల్లీ, ఇట్లా నా దగ్గరికి రా" అన్నప్పుడు రాజమ్మక్క గొంతు వణికింది.

తర్వాత నేనూ ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చాను. పాటలకన్నా ముందు తలుపు గడియ పెట్టడం నేర్పేదాన్ని. ఇప్పటికీ గూడ్సు చప్పుడు వినబడితే నా కళ్లు పిల్లల కోసం వెతుకుతాయి.