కారు కింద పడాల్సిన నీళ్ళు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి. అప్పటికి తాడేపల్లిగూడెంలో నేను కార్ల ఏసీలు బాగుచేయబట్టి పందొమ్మిదేళ్ళు. ఏడో తరగతితో బడి మానేసి, ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో పని నేర్చుకుని, అక్కణ్ణుంచి కార్లలోకి వచ్చినవాణ్ణి. కాగితం మీద రాసుకునే అలవాటు లేదు గాని, షెడ్డుకొచ్చిన ప్రతి కారూ, అందులో ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో కూడా గుర్తుంటుంది.

ఒక సోమవారం మధ్యాహ్నం గణపవరం నుంచి సత్తిరాజు గారు వచ్చారు. ఆయనకి అక్కడ చేపల చెరువులు. ముందు ఎడం సీట్లో ఆయన భార్య సుభద్రమ్మ గారు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం ఏలూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నారు.

"కారంతా వాసన బాబూ. ఏలూరు చేరేలోపు రెండుసార్లు వాంతి," అన్నారావిడ.

"చేపలు గాని ఎక్కించారాండి?" అనడిగాను. మా వైపు కార్లలో వాసనంటే ముందు అడిగేది అదే.

"నా కారులో చేప పొలుసు కూడా పడలేదయ్యా," అన్నారు సత్తిరాజు గారు, కాస్త నొచ్చుకుని.

"ఇంకోటి బాబూ. మలుపు తిరిగినప్పుడల్లా నా కాళ్ళ దగ్గర నీళ్ళు కదిలినట్టు చప్పుడు."

"నీరసం కదండీ, మా ఆవిడకి ఏవేవో వినపడుతుంటాయి," అని ఆయన నవ్వారు. నేనూ నవ్వేశాను.

క్యాబిన్ ఫిల్టర్ తీసి చూశాను. లోపలికొచ్చే గాలిని వడగట్టే కాగితపు జల్లెడ అది. చెరువు గట్ల మీది దుమ్ము పట్టి నల్లగా ఉంది. దొరికిందనుకున్నాను. కొత్తది వేసి, మల్లెపూల సెంటు సీసా ఒకటి తగిలించి పంపేశాను.

శనివారం పొద్దున్నే మళ్ళీ వచ్చారు. కారులో ఆయనొక్కరే. వెనకాల ఆటోలో ఆవిడ. మంగళవారం ఆ సెంటు, ఈ వాసన కలిసి ఆవిణ్ణి ఇంకా అవస్థ పెట్టాయట. శుక్రవారం కారెక్కనని కూర్చున్నారట.

"వేరే కారు మాట్లాడతానన్నా వినలేదండి. కారు పేరెత్తితేనే ఓకరింపు. ఒకసారి మానేసేసరికి కాళ్ళు పొంగిపోయాయి. ఇవాళ సాయంత్రంలోపు ఎలాగైనా తీసుకురమ్మన్నారు డాక్టరు గారు," అన్నారు సత్తిరాజు గారు.

"అందులో కూర్చుని చూస్తాను. వాసన పోతేనే ఏలూరు," అన్నారావిడ స్టూలు మీద కూర్చుంటూ.

ఏసీ వేసి కారు కిందకి చూశాను. ఏసీ నడుస్తుంటే కింద నీళ్ళ చుక్కలు పడాలి. చల్లటి నీళ్ళ చెంబుకి బయట చెమట పట్టినట్టే, లోపలి కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. ఆ నీరు డ్రెయిన్ పైపు అనే చిన్న గొట్టంలోంచి నేల మీదకి పోవాలి. మా కొల్లేటి తేమ గాలికి ధారే కట్టాలి. నేల పొడిగా ఉంది. సోమవారం కూడా పొడిగానే ఉంది. అప్పుడు చూశాను, పట్టించుకోలేదు.

జాకీ ఎత్తి కిందకి దూరాను. గొట్టం మూతిలో గుడ్డ కుక్కి, పైన సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉంది. లాగానో లేదో, కుళ్ళు నీళ్ళు మొహాన పడ్డాయి.

నా చేతిలోది చూసి సుభద్రమ్మ గారు, "ఏదీ, ఆ పేలిక ఇలా చూపించు బాబూ," అన్నారు. "ఇది నా వంకాయరంగు చీర కదూ?"

సత్తిరాజు గారు ఆవిడ స్టూలు పక్కకి వచ్చి నిలబడ్డారు.

"గుమ్మం ముందు కొత్తగా టైల్స్ వేయించాం కదా. ఏలూరు నుంచి వచ్చి నువ్వు దిగేది ఎడం పక్కన. దిగేటప్పుడు కాళ్ళు తడబడుతుంటాయి. సరిగ్గా అక్కడే నీళ్ళు కారుతున్నాయి. జారి పడతావేమోనని పూడ్చేశాను." నా వైపు తిరిగారు. "గట్టుకి బొక్క పడి నీరు పోతుంటే చూస్తూ ఊరుకోలేం కదండీ. చేతికి అదే అలవాటు."

బయటికి పోవాల్సిన నీరు లోపలే నిలిచి, ఆవిడ కాళ్ళ కింద కార్పెట్‌లోకి దిగి మురిగింది. మలుపుల్లో ఆవిడ విన్నది ఆ నీళ్ళ చప్పుడే.

ఆవిడ పేలికని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. తిడతారేమో అనుకున్నాను.

"నాకేమో తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచిస్తారు. కారుకి మాత్రం చెరువు నింపి పెట్టారు," అన్నారు మెల్లగా. ముందు ఆవిడే నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి, తువ్వాలుతో కళ్ళొత్తుకున్నారు.

కార్పెట్ తీసి ఎండలో వేశాను. డాష్‌బోర్డు కింద విప్పి, కాయిల్, దాని పెట్టె కడిగాను. అంతా బిగించాక ఒక్క క్షణం ఆగాను. గొట్టం అలాగే వదిలేస్తే నీళ్ళు మళ్ళీ ఆవిడ దిగే చోటే పడతాయి. ఆయన వైద్యం తప్పు గాని, భయం తప్పు కాదు. మూరెడు రబ్బరు గొట్టం అతికించి, వాలు చూసుకుని కారు మధ్యకి మళ్ళించాను.

ఆవిడ ఎడం సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. ఏసీ వేశాను. ముక్కు మీది కొంగు చాలాసేపటికి గాని తీయలేదు.

"తడి బట్ట వాసన కొంచెం ఉంది. ఓర్చుకోగలను. పదండి, ఏలూరు పోదాం."

సత్తిరాజు గారు మాత్రం ఇంకా కారు కిందే చూస్తున్నారు. నడిమధ్యన ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది. ఆయన ఇంకాస్త వంగారు. అద్దం దిగింది.

"ఏవండీ, వాటిని పడనివ్వండి," అన్నారు సుభద్రమ్మ గారు.

అప్పట్నుంచి కారు రాగానే నేను బానెట్ ఎత్తను. ముందు ఎడం తలుపు దగ్గరికెళ్ళి, అక్కడ కూర్చున్నవాళ్ళని అడుగుతాను, "మీకేం వినపడుతోందండి?" అని. వాళ్ళు చెప్పేదాకా చేతిలో పానా పట్టుకోను.