దారి అడుగుతూ పరిగెత్తిన వగ్దీ

మా కైరోలో దారి అడిగితే తెలియదు అనేవాడు ఇంకా పుట్టలేదు. అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం మాకు నామోషీ. తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తి ఎటో ఒకవైపు చూపిస్తాం. ఆ మర్యాద పాడుగాను!

సయ్యిదా జైనబ్ పేటలో ఇస్త్రీ కొట్టు నడిపే వగ్దీ ఆ చేతులన్నిటినీ నమ్మాడు. మతిమరుపు ముదిరిన అతని తల్లి తఫీదా, చలికాలంలో ఒకనాడు, అతను బట్టలు ఇచ్చి వచ్చేలోపు గడప దాటింది. పోలీసుల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆనక ప్రతి శుక్రవారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉండే వేళ, ఆమె ఫొటో జేబులో పెట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. నడిస్తే ఈ ఊరు ఒక జన్మకు తరగదని అతని భయం.

పాత కోట గుమ్మాల కింద, కాప్టు క్రైస్తవుల చర్చి సందుల్లో, సమాధుల మధ్య కాపురాలుండే పేటలో, హీలియోపోలిస్ మేడల నీడన పరిగెత్తాడు. పుట్టి పెరిగిన ఊరిని తల్లి తప్పిపోయాకే చూశాడు. అలా చూడవలసి రావడం ఎంత పాపం!

చిక్కుడుగింజల బండివాళ్లు ఊరుకుంటారా? "ఏం కెప్టెన్, బస్సు తప్పిందా, పెళ్లాం తరిమిందా?" అనేవారు. ఫొటో చూడగానే నవ్వు ఆపి, "ఈమేనా? అదిగో, అటే పోయింది" అని చెయ్యి చూపేవారు. అతను అటే పరిగెత్తేవాడు.

ఎండలు ముదిరాక, షుబ్రా పేటలో టీ అమ్మే ఉమ్మ్ మిలాద్ ఆ ఫొటో చూసి ముఖమంతా విప్పార్చి నవ్వింది.

"ఈ తల్లిని ఎరగకపోవడమేం నాయనా! చలికి వణికిపోతుంటే టీ తాగించా. ఇల్లెక్కడమ్మా అంటే టక్కున చెయ్యి చూపింది, అదిగో అటే అని. నేనే అటెళ్లే మైక్రోబస్సు ఎక్కించా."

వగ్దీకి అప్పుడు అర్థమైంది. తల్లి కూడా ఈ ఊరి మనిషే. ఇంటి దారి మరిచిపోయింది గానీ, తెలియదనడం ఆమెకు ఏనాడూ రాలేదు. ఏ పేటలో ఎవరు అడిగినా అలాగే చెయ్యి చూపి ఉంటుంది. దయగలవాళ్లు అలాగే బస్సు ఎక్కించి ఉంటారు. జనం జాలే ఆమెను ఇంటికి దూరం చేసింది.

"ఆ బస్సు ఎటెళ్లేదమ్మా?"

"ఊరి బయట, ఖనాతిర్ వైపు. అదేంటి కొడకా, అలా అడుగుతున్నావ్? ఇల్లు చేరలేదా?" ఆమె కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టేసింది.

"చేరింది. చేరకేం! టీ పోసిన అమ్మకు దీవెనలు చెప్పి రమ్మంది. నిన్ను వెతుక్కుంటూనే వచ్చా."

ఉమ్మ్ మిలాద్ దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ తాగితేగానీ వెళ్లనివ్వనంది. అతను చివరి గుక్క దాకా తాగాడు. ఆమె అటు తిరగగానే ఖనాతిర్ రోడ్డు పట్టుకుని పరిగెత్తాడు.