లమై పిన్ని గొట్టం

మా లమై పిన్నికి లోకంలో వస్తువులు రెండే రకాలు: గొట్టంలో పట్టేవి, పట్టనివి.

ఆ గొట్టం మా త్రంగ్ ఊళ్లోని చెక్కబొమ్మల ఫ్యాక్టరీది. పసిపిల్లల గొంతు ఎంతుంటుందో అంతే ఉంటుంది. బొమ్మ నుంచి ఊడిన ముక్క ఏదైనా అందులో పూర్తిగా దిగిందంటే పిల్లాడి గొంతులోనూ దిగుతుందని లెక్క, ఇక ఆ బొమ్మ గేటు దాటకూడదు. బొమ్మల్ని లాగి, పీకి, కింద పడేసి చూడటం పిన్ని ఉద్యోగం. అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం సైరన్ మోగాక గొట్టం అక్కడ పెట్టేసి రావాలా వద్దా? పెట్టదు. సంచీలో వేసుకుని ఊరి మీద పడుతుంది.

నా పెళ్లిలో మా ఆయన నా వేలికి ఉంగరం తొడగబోతుంటే మధ్యలో చెయ్యి పెట్టి, "ఒక్క నిమిషం ఇటివ్వు బాబూ" అంది. గొట్టంలో వేసింది. గలగలమంటూ దిగింది.

"పట్టేసింది సువారీ. పిల్లలు పుట్టాక తీసి ఎత్తుమీద పెట్టుకో."

మా ఆచారం ప్రకారం దీవిస్తూ మా చేతుల మీద శంఖంతో నీళ్లు పొయ్యడానికి నిలబడ్డ మా అత్తగారు, "ఈవిడ మీ వైపు మనిషేనా?" అని అడిగింది. ఏం చెప్పను? ఫ్యాక్టరీలో నా ప్యాకింగ్ బల్ల పక్కన ఆవిడ బల్ల, ఇంటికొస్తే పక్కిల్లు. "పక్కింటివాళ్లండీ" అని తప్పించుకున్నాను.

వాళ్లాయన బున్‌సొం బాబాయ్ పాట్లు వేరే. ఆయన పెట్టుడు పన్ను కూడా గొట్టంలో పట్టిందట. అది తీసి గ్లాసులో వేసుకోనివ్వదు. "మనింట్లో పసివాళ్లెవరున్నారే?" అని మొత్తుకుంటాడు పాపం. "ఎవరైనా ఎత్తుకొస్తే?" అంటుంది.

కుర్ర మేనేజర్ థవత్‌నూ వదల్లేదు. ఒకరోజు ఆయన చొక్కా రెండో గుండీ పట్టుకుని లాగి, "వదులైంది నాయనా, కుట్టించుకో" అంది.

"పిన్నీ, నేను బొమ్మను కాను."

"కాదు గనక బతికిపోయావు. అయితే వెనక్కి పంపేదాన్ని."

ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర బుజ్జిదేవర గుడి ఉంది. ఎప్పుడో చిన్నతనంలో పోయిన పిల్లాడాయన. మాకు ఆర్డర్లు తెచ్చిపెట్టేది ఆయనే. అందుకని ఎర్ర సోడా పెడతాం, బొమ్మలు పెడతాం, కొత్త రకం తయారైతే మొదటిది ఆయనకే. పిన్ని అవి కూడా లాగి చూస్తుంది.

"బుజ్జిదేవర పోయి ఎన్ని తరాలైందో. ఇప్పుడు గొంతుకు అడ్డం పడితే మాత్రం ఏమవుతుంది పిన్నీ?" అని మేం పడీపడీ నవ్వేవాళ్లం.

"పోయినా పిల్లాడే కదే" అనేది.

ఆమధ్య చెక్క ఏనుగులకు పెద్ద ఆర్డరొచ్చింది. థవత్ తెచ్చిన మొదటి ఆర్డరు అది. సరుకు ఆలస్యమైతే కొనేవాళ్లు ఇంకో చోటికి పోతారని ఆయనకు తిండి సయించడం లేదు. మొదటి ఏనుగును తనే గుళ్లో పెట్టి అగరొత్తులు వెలిగించాడు. అది కొన్నాళ్లు ఎండలో నిలబడ్డాక పిన్ని దాని కన్ను లాగింది. ఊడొచ్చింది. గొట్టంలో దిగింది. అంతే, ఏనుగును గుళ్లోంచి దించేసింది.

దేవరకిచ్చింది వెనక్కి తీసుకోవడమా? మా వైపు దొంగలు కూడా చెయ్యరు. పైగా అదే మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరూ పిన్నినే చూశారు.

"పరీక్షలో పాసైంది కదా పిన్నీ ఈ ఏనుగు" అన్నాడు థవత్.

"పాసైన ఏనుగు వేరే నాయనా. ఈ కళ్లు కొత్త చోటి నుంచి వచ్చాయి. చెక్క పచ్చిగా ఉంది. ఆరితే ఊడుతుంది."

ఆయన బల్ల మీది ఇంకో ఏనుగు తీసుకుని కన్ను లాగాడు. రాలేదు. "చూశావా? రేపు లారీ వస్తుంది. నువ్వు గొట్టం ఇక్కడ పెట్టి, రేపటినుంచి వాకిలి ఊడువు" అన్నాడు. ఊడిన కన్ను బొటనవేలితో లోపలికి నొక్కి, ఏనుగును మళ్లీ గుళ్లో పెట్టేశాడు.

పిన్ని గొట్టం తీసి ఇచ్చింది. ఖాళీ సంచీ భుజానేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే దేవరకు క్షమాపణ చెప్పుకోవడానికి థవత్ ఎర్ర సోడాతో బయల్దేరాడు, పూలదండ మోయడానికి నేను. గుడి దగ్గర పిన్ని చీపురుతో ఉంది. చుట్టూ బర్మా కూలీల పిల్లలు, బడికి పోతూ ఆగినవాళ్లు. ఒక్కొక్కరూ దేవరకు దణ్ణం పెట్టి బొమ్మ తీసుకుంటున్నారు.

"ఆయన ఆడుకోవడం అయిపోయింది. ఇక మీ వంతు" అంటోంది పిన్ని.

మేం పెట్టిన బొమ్మలు ఏమవుతున్నాయో మాకెవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు చూడండి. దేవర తీసుకుంటున్నాడనుకున్నాం.

"పిన్నీ, అవి దేవరవి" అన్నాడు థవత్.

"ఒక్కడే ఎంతసేపు ఆడుకుంటాడు నాయనా?"

అప్పటికే అక్క చంకలో ఉన్న ఓ బుడ్డోడు గుళ్లోని ఏనుగును లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. తీశాడు. ఏనుగుకు ఒక కన్ను లేదు. పిన్ని చీపురు పారేసింది గానీ, ఆవిడకంటే థవత్ ముందు దూకాడు. సోడా ఎటుపోయిందో తెలీదు. పిల్లాణ్ణి అందుకుని, నోట్లో వేలు పెట్టి, కరిచినా తియ్యకుండా, కన్ను బయటికి లాగాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని మాకు ప్రాణం లేచొచ్చింది.

థవత్ వాణ్ణి చంకనేసుకుని ఊపుతూ నాతో అన్నాడు, "లారీని ఖాళీగా వెళ్లిపొమ్మను. కళ్లన్నీ మార్చాలి. కొనేవాళ్లకు నేను చెప్పుకుంటాను. నా సొరుగులో గొట్టం ఉంది, పట్రా."

నేను తెచ్చేసరికి బుడ్డోడి ఏడుపు ఆగింది. వాడు థవత్ చొక్కా రెండో గుండీతో ఆడుతున్నాడు. ఆడి ఆడి ఒక్క లాగు లాగాడు. గుండీ పిడికిట్లోకొచ్చింది.

పిన్ని మెల్లగా ఆ పిడికిలి విప్పి, గుండీ తీసి గొట్టంలో వేసింది. దిగింది.

"ఏం నాయనా, నిన్ను వెనక్కి పంపమంటావా?" అంది.

కరిచిన వేలు ఊదుకుంటూ నవ్వాడు థవత్. "వద్దు పిన్నీ, కుట్టించుకుని వస్తా."