గునుగు రంగు పూసిన గళ్లు

పొద్దున చాయ్ పక్కన పేపరు విప్పగానే అచ్చు సిరా వాసన తగలకుండా ఇప్పటికీ దాన్ని మొహానికి దూరంగా పట్టుకుంటాను. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు దిద్దిన నేను, ఈమధ్య రోజూ గళ్ల నుడికట్టు నింపుతున్నాను. ఇవాళ అడ్డం నాలుగు: 'డిగ్రీ పుచ్చుకున్నవాడు', ఐదు అక్షరాలు. పట్టభద్రుడు. రాస్తుంటేనే, చిన్నప్పుడు కొత్తవాడలో మా ముందరి గదిలో అద్దెకున్న సారు గుర్తొచ్చాడు.

డిగ్రీ పాసై ఉద్యోగం కోసం చూస్తున్న అతన్ని వాడంతా సారు అనేది. వానాకాలంలో మగ్గం గుంతలో నీళ్లూరి, నూలుకు పెట్టే గంజి పులిసి ఇల్లంతా కంపు కొట్టినా నాకేమీ అనిపించేది కాదు. కానీ అతను కిటికీలోంచి ఉమ్మిన పాన్ మరకలు కడిగి, మా చెంబులోనే ఆర్పిన సిగరెట్ ముక్కలు, తిన్నచోటే పారేసిన గుడ్డు పెంకులు ఎత్తేటప్పుడు డోకొచ్చేది. అమ్మ మాత్రం, "సదువుకున్నోళ్లు బిడ్డా, గట్లనే ఉంటరు" అనేది.

సద్దుల బతుకమ్మ ముందురోజు, అమ్మ లోపల నువ్వులు దంచుతుంటే, అరుగు మీద గునుగు పూలకు రంగులద్దుతూ పక్కన ఒక కాగితం చూశాను. నలుపు తెలుపు గళ్లు, తెల్లవాటిలో నాకు తెలియని ఏవో గీతలు. జంపఖానా నేసేటప్పుడు నాన్న ఎదురుగా పెట్టుకునే నమూనా కాగితం అచ్చం అట్లాగే ఉండేది. దీనికెవరో రంగులేయడం మరిచారనుకుని, ఒక గడికి ఊదా, ఒక గడికి ఆకుపచ్చ నింపి, మెచ్చుకుంటాడని నాన్నకు చూపించడానికి పరుగెత్తాను.

అది బహుమతి పోటీకి పంపాలని సారు వారమంతా తోటివాళ్లను అడిగి అడిగి నింపిన నుడికట్టు. వెనకాలే వచ్చి చెంప మీద కొట్టి, ఆ తడి కాగితం నా మొహానికేసి రుద్దాడు.

"ఏలిముద్రగాని బిడ్డెకు కాయిదం గావల్నా?"

నాన్న మగ్గం గుంతలోంచి లేచాడు. అతన్ని కొడతాడనుకున్నాను. రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది సారూ. ఇగ జన్మల కాయిదం ముట్టది."

దసరా వెళ్లగానే నన్ను బడిలో వేస్తానన్న నాన్న, మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు.

ఇప్పుడు మా వాడలో మగ్గాల చప్పుడు లేదు. గుంత పూడ్చి బండలు పరిచాం. గంజి వాసన మా మనవలకు తెలియనే తెలియదు. సారును తలుచుకుని ఉమ్మేసి ఊరుకోగలను. నాన్న సంగతే మింగుడుపడదు. మాటంటే మాటే అనే మనిషి. సారుకిచ్చిన ఆ ఒక్క మాట తప్పి ఉంటే బాగుండేది.