మూడో పిలుపు

సిడ్నీ హార్బర్‌లో ఒకప్పుడు ఖైదీల జైలుగా ఉన్న దీవికి శీల గైడు. ఇప్పుడది వారసత్వ కట్టడం. జనం టికెట్టు కొనుక్కుని వచ్చి, ఇసుకరాతి గోడల ముందు నవ్వుతూ ఫొటోలు దిగి పోతారు. శీలకు మాత్రం నవ్వు రాదు. ఫిజీ చెరుకుతోటలకు ఓడల్లో తరలించిన తెలుగు కూలీల వంశం ఆమెది. బలవంతాన దీవి చేరినవాళ్ల ఉసురు ఎక్కడికీ పోదని ఆమె నమ్మకం.

పగలంతా గలగలా కబుర్లు చెప్పే ఈ మనిషి తాళాలు వేసే వేళకి పిల్లి అయిపోతుంది. నేల కింద తొలిచిన చీకటికొట్టు దగ్గర నిలబడి "ఎనీవన్ దేర్?" అని ఒక్క కేక వేసి తలుపు లాగేస్తుంది. దిగి టార్చి వేసి చూడాలన్నది నియమం. చూడదు. రెండోసారి పిలిస్తే ఎవరైనా పలుకుతారేమోనని భయం. వట్టి పిరికిపని!

ఆ చలికాలపు సాయంత్రమూ అంతే చేసింది. రేవులో ఆఖరి ఫెర్రీ కూత పెట్టేసరికి, సిడ్నీ శివారు టూంగాబీ నుంచి దీవి చూడ్డానికి వచ్చిన బిందుమాధవి ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, మా అత్తయ్య మిస్సింగ్! ఫెర్రీ ఎక్కేశారనుకున్నా. మోకాళ్ల నొప్పులని ఎక్కడో కూర్చుండిపోయారు."

"పిలిచాను కదమ్మా, నో ఆన్సర్."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

బిందుమాధవి మొహం పాలిపోయింది. "ఆవిడ పలకరు ఆంటీ. అసురసంధ్య వేళ ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకరు. రెండుసార్లతో ఆగేది మనిషి కాదంటారు. హార్ట్ ప్రాబ్లమ్ ఉంది, ట్యాబ్లెట్లేమో నా బ్యాగ్‌లో ఉన్నాయి!"

చిన్నప్పుడు శీలకు వాళ్ల అవ్వ చెప్పిన మాటే అది.

"పేరేంటమ్మా?"

"ఆండాళ్."

శీల పరుగున వెళ్లి చీకటికొట్టు తాళం తీసింది. టార్చి వెలుగు మెట్ల మలుపు దాకానే పోయింది.

"ఆండాళమ్మా!"

జవాబు లేదు.

"ఆండాళమ్మా!"

లోపల ఏదో కదిలినట్టయింది. వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది. కానీ పెద్దావిడకి ఏమైనా అయితే ఆ పాపం తనదే. కళ్లు గట్టిగా మూసుకుని మూడోసారి పిలిచింది.

"ఆఁ... ఇక్కడున్నానమ్మా."

శీలకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇద్దరూ కలిసి పెద్దావిడని పైకి తెచ్చి మాత్ర వేశారు.

"కేకెయ్యొచ్చుగా అత్తయ్యా!" అని కసిరింది బిందుమాధవి.

"ఎలా వేస్తానే? తలుపు పడ్డాక లోపల ఎవరో మగమనిషి నన్ను పేరు పెట్టి పిలిచాడు. రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు. నోరెత్తితే పలికినట్టేగా!"

ఆండాళ్ పేరు తెలిసిన మగవాడు ఆ దీవిలో ఎవడూ లేడు.

శీల ఉద్యోగం మానలేదు. ఇప్పుడు దిగి మూలమూలా టార్చి వేసి చూస్తుంది, మూడుసార్లూ పిలుస్తుంది. రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ నడుమ ఊపిరి కూడా తీసుకోదు, ఇంకెవరికీ సందు ఇవ్వకూడదని.