మిల్లు మేస్త్రి కొవ్వొత్తి

చెప్పుల అడుగులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో మిల్లు మేస్త్రి బొటనవేలికి పటం కట్టి దండ వేయడం ఒక్కటే తక్కువ. రెండు ఇనుప రోలర్ల మధ్య నలుగుతున్న రబ్బరును ఆ వేలితో నొక్కి "ఇంకో నాలుగు తిప్పులు" అంటాడు. అంతే, మొండి రబ్బరు లొంగిపోతుంది. అనుభవమంటే అదీ అని ఆయనకు చేసిన సన్మానసభలో ఉపన్యాసాలు దంచారు. పాతికేళ్లుగా ఆయన గుప్పెట్లో దాచిన కొవ్వొత్తి ముక్కను రబ్బరులో చిదిపి వేస్తున్నాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరికీ తెలియదు కనుక.

కొత్తగా చేరిన కెమిస్టమ్మ రబ్బరును మెత్తబరిచే తెల్ల గుళికల బస్తా ఒకటి దింపించింది.

"ఇవి తూకం ప్రకారం వేస్తే చాలు మేస్త్రిగారూ. రబ్బరు చెప్పినమాట వింటుంది. మిల్లు ఎవరైనా నడపొచ్చు."

ఎవరైనా నడిపితే ఇక తానెందుకు? గుళికలకు తోడు తన చెయ్యి పడితేనే పని బాగుంటుందని నిరూపించాలనుకున్నాడు. కొవ్వొత్తిని కాస్త ధారాళంగానే చిదిపాడు.

రబ్బరు వెన్నలా సాగింది. మూడోరోజుకల్లా అడుగుల మీద బూజులాంటి తెల్లపొడి తేలింది. జిగురు పట్టక చెప్పులు నోళ్లు తెరిచాయి. జిగురు రాసేది మేస్త్రి భార్యే. పెద్దమనుషులకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆమెను రేపట్నుంచి రావద్దన్నారు.

ఆమె ఇంటికొచ్చి ఒక అడుగును మొగుడి ముందు పడేసింది.

"గీకి చూడు."

గీకాడు. గోట్లోకి మైనం వచ్చింది.

"గుళికలదేమో..."

"నీ చొక్కాలు ఉతికేది నేను. మనింట్లో కరెంటు పోతే కొవ్వొత్తి ఎందుకు దొరకదో నాకు తెలీదా?"

"చెబితే నా పరువేం కాను?"

"దాన్నే ఉడకేసి పిల్లలకి పెట్టమంటావా?"

మర్నాడు మేస్త్రి హత్య ఒప్పుకుంటున్నవాడిలా చెప్పేశాడు. కెమిస్టమ్మ పకపకా నవ్వింది.

"బస్తాలో ఉన్నవీ దాని అన్నదమ్ములే కదండీ! రెండూ పడితే మైనం ఎక్కువై పైకి తేలదూ? ఇంతకీ ఎంత వేసేవారు?"

"చెయ్యి ఎంత చెబితే అంత."

"గ్రాముల్లో?"

పాతికేళ్ల అనుభవం తన బొటనవేలికేసి చూసుకుంది.

ఆయన పక్కన త్రాసు వెలిసింది. భార్యను మళ్లీ పనికి పిలిచారు. క్షమాపణ ఊసెత్తకుండా సూపర్‌వైజరు ఆమెకు హితబోధ మొదలెట్టాడు.

"ఇకనైనా జిగురు జాగ్రత్తగా రాయమ్మా."

"రాస్తాను బాబూ. ముందు మీరు అడుగు తిప్పి చూడటం నేర్చుకోండి" అని ఆమె బ్రష్షు అందుకుంది.