బొచ్చె అనుకుని పట్టిన చేప

మాది గద్వాల. జూరాల డ్యాం నీళ్లలో బొచ్చె చేపలు పడుతూ పెరిగాను. పోయిన ఏడాది మా బావమరిది నర్సింలు నేసిన చీరలు అప్పగించడానికి ఇద్దరం సముద్రం ఒడ్డునున్న ఊరికి వెళ్లాం. సాయంత్రం అలల్లో మునిగి తేలే రాళ్ల మీద నిలబడి గాలం వేస్తే, వెండిరంగు చేప ఒకటి పడింది.

"నోట్లో బొటనవేలు పెట్టి ఎత్తు" అన్నాను. బొచ్చెను అలాగే ఎత్తుతాం.

"పండ్లుంటయేమో బావా!"

"చేపకు పండ్లేందిరా? భయమైతే జరుగు, నేనే పట్కుంట."

ఆ మాటకు పౌరుషం వచ్చి వేలు పెట్టాడు. చేప దవడలు బిగించింది.

"బావా, వేలు పోతుంది!"

అలలు మోకాళ్ల దాకా వస్తున్నాయి. మగ్గం మీద తెగిన పోగులు అతికేది ఆ వేలితోనే. అది పోతే వాడి ఇల్లు గడవదు. గుంజితే ఇంకా నలిగిపోతుంది. జేబులోని తాళంచెవిని దవడల మధ్య దూర్చి తిప్పాను. ఎంతసేపటికో వదిలింది.

దాని నోట్లోకి చూశాను. లోపల నానిన శనగల్లాంటి గుండ్రటి పళ్లు వరుసగా ఉన్నాయి. రాళ్ల సందుల్లో బతుకుతూ, పీతల్నీ గుల్లల్నీ నమిలి తినే చేపట అది.

వేలు దక్కింది గానీ గోరు ఊడింది. అది మొలిచేదాకా వాడి మగ్గం మీద పోగులు నేనే అతికాను, తెంపుతూ, నేర్చుకుంటూ. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు నేనేదైనా గట్టిగా చెబితే మాత్రం, "చూసి చెప్తున్నవా బావా, ఊకె అంటున్నవా?" అని నవ్వుతాడు.

"నాకు తెల్వదురా" అనేస్తాను. ఆ రోజు రాళ్ల మీద ఆ ఒక్క మాట నా నోట రాలేదు.